తృప్తిని నేర్చుకొనుట

చావు జరిగిన యింటి గడప దాటగానే మన నాలుకమీదికి మాటలు వాటంతట నవియే వచ్చును. అంతయు దేవుని చిత్తమందుము. ప్రియమైనవారిని ఆయన ముందుగా పిలుచుకొనునందుము. ఏడ్చుచున్నవారి భుజము తట్టి, విశ్వాసులు ఇట్లు ఏడువరాదందుము. ఈ విషయమున క్రైస్తవులమైన మనము ఇరుగుపొరుగువారికంటె నాలుగాకు లెక్కువ చదివినవారము. మేమును ఇరువదియేండ్లకు పైగా ఇట్టి మాటలను పరుల యిండ్లలో ధారాళముగా పంచిపెట్టితిమి. అవి యెంత బరువో, పుచ్చుకొన్నవారు వానిని ఎక్కడ దాచుకొనిరో మే మెన్నడు నడిగి యెఱుగము. 2021వ సంవత్సరము మే నెలలో ఆ మాటలన్నియు వడ్డీతోకూడ మా యింటికి తిరిగి వచ్చెను.

కరోనా రెండవ విడతలో మా తమ్ముడు పోయెను. అతనికి నలువదియొక్క యేండ్లు. ఒంగోలునకు కొన్ని మైళ్ళ దూరమున, పెద్దబాట ప్రక్కన, మోటారు సైకిళ్ళు బాగుచేయు షెడ్డు నడుపుచుండెడివాడు. భార్యయు ఇద్దరాడపిల్లలును కలరు. అప్పుడు రాష్ట్రమంతట మధ్యాహ్నము పండ్రెండు గంటలనుండి కర్ఫ్యూ. ఆసుపత్రిలో పడక దొరకుట కొక పగలును ఒక రాత్రియు పట్టెను; దొరకిన పిమ్మట ప్రాణవాయువు చాలకపోయెను. ఆ యాసుపత్రి పేరు చెప్పి యిప్పుడు సాధింపదగిన దేమియు లేదు. అక్కడి నర్సులు నిద్రలేని కన్నులతో పడకకును పడకకును నడుమ పరుగెత్తుటను మేము చూచితిమి. శవమును ఇంటికి తేనియ్యలేదు. సమాధుల తోటకు నలుగురము పోతిమి. మందిరము మూయబడియుండెను. మూతికి గుడ్డ కట్టుకొన్న నలుగురిలో కీర్తన యెత్తుకొనుటకు ఎవరికిని గొంతు రాలేదు. కాపరి ఫోనులో ప్రార్థన చేయుచుండగా అది నడుమ తెగిపోయెను. మరల కలుపుటకు మాలో నెవరికిని చేతులాడలేదు.

మా యమ్మ ఆ దినమున ఏడువలేదు. గోడ కానుకొని కూర్చుండి, షెడ్డు తాళముల గుత్తిని కొంగున ముడివేసికొనెను.

మూడవనాటి నుండి ఓదార్పులు రాసాగెను. మనుష్యులు రాకూడని కాలము గనుక అవి ఫోనులో వచ్చెను. వానిలో నొకటి మాత్రము చెప్పి ఊరకుందుము. దూరపు పట్టణమున నొక బోధకుడు కలడు. ఆయన ప్రసంగములు టెలివిజనులో వచ్చును. మా బంధువులలో నొకరు చెప్పగా ఆయన మా యమ్మతో ఫోనులో మాటాడెను. ఇంటిలో ఒప్పుకొనని పాప మేదైన నున్నదా యనియు, కాన్కల విషయమున లోపము జరిగెనా యనియు అడిగెను. ఆరోగ్యమును ఐశ్వర్యమును విశ్వాసమునకు కూలి యని చెప్పి, ప్రార్థించిన నూనె సీసాలను పంచిపెట్టు ఈ క్రొత్త మతము మన పల్లెలలో నేటికి నెంత ప్రబలినదో చదువరు లెఱుగుదురు. పూర్వము మా పెద్దలతో, పూర్వజన్మమున చేసిన పాపమే మీ యాకలికి కారణమని చెప్పుచుండిరి. ఆ మాటను విడిచి వచ్చినవారి మనుమలతో, నీ విశ్వాసలోపమే నీ కుమారుని మరణమునకు కారణమని చెప్పుట యేమి? గుడ్డ మార్చిరి గాని కొరడా యదియే. ఇట్టివారిని మందిర వేదికల కెక్కించువారు ఈ సంగతి నాలోచింపవలెను.

ఇక వేఱొక రాకను గూర్చి చెప్పవలసియున్నది. మా యింటికి నాలుగిండ్ల కవతల నొక యవ్వ యున్నది. ఆమె క్రైస్తవురాలు గాదు. శనివారము శనివారము వేంకటేశ్వరునికి దీపము పెట్టుకొను మనిషి. రోగభయమున అందఱును తలుపులు వేసికొన్న ఆ వారమంతయు ఆమె సాయంకాలము కాగానే మూతపెట్టిన గిన్నెతో వచ్చి, గిన్నెను అరుగుమీద నుంచి, మెట్టుమీద దూరముగా కూర్చుండెడిది. ఏమియు మాటాడదు. చీకటి పడిన తరువాత లేచి, వెనుకటినాటి గిన్నె తీసికొని పోయెడిది. ఆమెను చూచినప్పుడెల్ల మాకు యోబు స్నేహితులు జ్ఞప్తికి వచ్చిరి. ఆ ముగ్గురిని మనము ప్రసంగములలో తేలికగా నిందింతుము. కాని వారు మొదట చేసిన పని మంచిది. యోబు బాధ మిక్కుటమని చూచి, ఏడు పగళ్ళును ఏడు రాత్రులును నేలపై ఆయనతోకూడ కూర్చుండిరి. ఒక్క మాటయైన పలుకలేదు. వారు చెడిపోయినది నోరు తెఱచిన తరువాతనే. దేవుని పక్షమున వాదించుచున్నామనుకొని వారెన్నో అధ్యాయములు మాటాడిరి. గ్రంథాంతమున దేవుని కోపము వచ్చినది మొఱపెట్టిన యోబుమీద గాదు, తనకు వకాల్తా పుచ్చుకొన్న ఆ ముగ్గురిమీద. ఈ సంగతి మేము బాల్యమునుండి చదివినదే. మెట్టుమీది యవ్వను చూచువఱకు అది మాకు బోధపడలేదు.

ఆ గ్రంథపు చివరనే మఱొక సంగతి కలదు. యోబునకు గొఱ్ఱెలు, ఒంటెలు, ఎద్దులు, గాడిదలు అన్నియు మునుపటికంటె రెండింతలుగా వచ్చెను. బిడ్డలు మాత్రము మునుపటివలెనే ఏడుగురు కుమారులును ముగ్గురు కుమార్తెలును. ఎందుచేత రెండింతలు కాలేదో పండితులు చెప్పు కారణము లుండవచ్చును. మాకు తోచిన దొక్కటే: పశువు పోయినచోట పశువు నిలువగలదు. బిడ్డ పోయినచోట మఱియొక బిడ్డ నిలువదు. ఆ తండ్రి వెనుకటి పదిమందిని మఱచిపోయెనని ఆ గ్రంథ మెక్కడను చెప్పలేదు.

మందిరములు తెఱచిన తరువాత మా యమ్మ ఆదివారము తప్పక పోవుచునేయుండెను. కాని పాడలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో సగమునకు పైగా పుస్తకము లేకుండ పాడగల మనిషి పెదవులు బిగించి కూర్చుండెడిది. ఒక సంవత్సర మట్లే గడచెను. సంఘములోని పెద్ద లొకరిద్దరు మాతో గుసగుసలాడిరి. విశ్వాసము చల్లారినదని వారి యనుమానము. మేము కొంత సిగ్గుతోను, కొంత భయముతోను ఒకనాటి రాత్రి అమ్మను అడిగితిమి. ఆమె మామూలు గొంతుతోనే, "ఆయనతో తగవు పడుతున్నాను నాయనా. మాటలేం మానుకోలేదుగా" అనెను.

ఈ మాటను మేము చాలకాలము త్రిప్పి త్రిప్పి తలపోసితిమి. కీర్తనల గ్రంథమున నూటయేబది కీర్తనలు కలవు గదా. వానిలో చాల భాగము మొఱలే, తగవులే. ఎంతకాలమని యడుగునవి కొన్ని. ఎందుకు విడిచితివని యడుగునవి కొన్ని. ఎనుబదియెనిమిదవ కీర్తనయైతే చీకటితోనే ముగియును. చివరనైన వెలుగుమాట యొకటి లేదు. దానిని గ్రంథమునుండి ఎవరును తీసివేయలేదు. మన కీర్తన పుస్తకములలో అట్టి పాటలు తక్కువ; స్తోత్రములే యెక్కువ. కన్నీళ్ళు తుడుచుకొనివచ్చినవారికే మందిరములో పాట యున్నట్లు మనము చేసికొంటిమి. తగవు పడువాడు ఎదుటివాడున్నాడని నమ్మినవాడే. గోడతో ఎవరును తగవు పడరు.

బేతనియలో లాజరు చనిపోయి నాలుగు దినములైన తరువాత యేసు వచ్చినప్పుడు, మార్తయు మరియయు వేఱువేఱుగా వచ్చి ఒక్కటే ఫిర్యాదు చేసిరి. నీ వుండియుండిన మా తమ్ముడు చావకుండునని. మేము సమాధుల తోటలో నిలువబడి లోలోపల అనుకొన్న మాటయు నదియే. ఆయన వారిని గద్దింపలేదు. సమాధి తెఱపించి లాజరును లేపబోవుచున్నట్లు ఆయన యెఱుగును. కొన్ని నిమిషములలో తీరిపోవు దుఃఖమే యది. అయినను ఆయన కన్నీరు విడిచెను. పునరుత్థానము చేతిలోనున్నవాడే యేడ్చినచోట, పునరుత్థానమును గూర్చి చదివినవారమైన మనము ఏడ్చువారిని వారించుట ఎంత విపరీతము!

ఇక తృప్తి మాట. తృప్తిని గూర్చి చెప్పవలసినప్పుడు బోధకులు ఫిలిప్పీయులకు పౌలు వ్రాసిన లేఖను తెఱతురు. అది చెఱలోనుండి వ్రాసినది. ఫిలిప్పీ పట్టణమే ఆయనకు చెఱతో పరిచయమైన యూరు. మొదట అక్కడికి పోయినప్పుడు, దెబ్బలు తిని, కాళ్ళకు బొండ వేయబడి, సీలతోకూడ నడిరాత్రి పాడినవాడు. ఆ లేఖ చివర, ఏ స్థితిలోనున్నను సంతుష్టి కలిగియుండుట తనకు తెలియునని ఆయన చెప్పెను. ఆయన వాడిన గ్రీకు మాట స్తోయికు తత్త్వజ్ఞానులది. తనకు తానే చాలియుండువాడు, దేనికిని చలింపనివాడని వారి యర్థము. పౌలు ఆ మాటను తీసికొనెను గాని దాని ప్రక్కన రెండు సంగతులు చేర్చెను. మొదటిది, తాను దానిని నేర్చుకొంటినని చెప్పుట. నేర్చుకొన్నదన్నప్పుడు, నేర్వని దినములు కొన్ని యుండినవనియే గదా. రెండవది, తన్ను బలపఱచు నొకని యందే తన బల మున్నదని చెప్పుట. తనకు తానే చాలిన వాడైతే ఈ మాట యక్కఱలేదు.

అంతకంటె మమ్ము ఆపిన వాక్య మొకటి ఆ లేఖ నడుమ కలదు. ఫిలిప్పీ సంఘమువారు పౌలునకు కాన్కలిచ్చి ఎపఫ్రొదితు అను సహోదరుని పంపిరి. అతడు జబ్బుపడి చావునకు సిద్ధమయ్యెను, తరువాత కోలుకొనెను. దేవుడు అతనిని కనికరించెననియు, అతనినే కాక, దుఃఖముమీద దుఃఖము కలుగకుండ తన్నును కనికరించెననియు పౌలు వ్రాసెను. తృప్తి పాఠము చెప్పిన లేఖలోనే ఈ యొప్పుకోలు! ఆ మిత్రుడు పోయియుండిన పౌలు తల్లడిల్లియుండును, దానిని దాచుకొనలేదు. తృప్తియనగా దుఃఖమునకు చర్మము మొద్దుబాఱుట కాదని మాకు తెలియవచ్చినది ఈ వాక్యమువలన. చిరకాలము మేము తృప్తిని మౌనమనుకొంటిమి, ఓర్పును రాయి యనుకొంటిమి. ఆ రాతినే పరుల యిండ్లలో పంచితిమి.

తృప్తిని ఎవరు ఎవరికి చెప్పుచున్నారన్నది కూడ చూడవలెను. ఇది సంఘసంస్కారమునకు చేరిన ప్రశ్నయే. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామమున లక్షలకొలది జనులు ఆకలిచే చచ్చిరి. 1877 సంవత్సరారంభమున సర్ రిచర్డు టెంపుల్ అను నధికారి మద్రాసు రాజధానికి వచ్చి, కఱవు పనులలో నున్న మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానితో నొక అణాయును చాలునని నిర్ణయించెను. మట్టి మోయు మనిషికి పౌను గింజలు! తృప్తిని గూర్చి కడుపు నిండినవారు చెప్పిన పాఠములలో అంత క్రూరమైనది మఱొకటి యుండదు. ఆ కాలముననే ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికను బాప్టిస్టు మిషనరీ యుండెను. ఆయన ఆకలిగొన్న వారికి ఉపన్యాసములతో సరిపెట్టలేదు. దొరతనమువారు త్రవ్వించుచున్న బకింగుహాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ భాగమును కంట్రాక్టుగా పుచ్చుకొని, ఆ జనులకు పని చూపెను. అంతేకాదు. కూటికొఱకు మతము పుచ్చుకొన్నారను మాట రాకుండ, క్షామము తగ్గువఱకు పదునైదు నెలలు బాప్తిస్మము లాపివేసెను. తరువాత 1878 జూలై 3వ తేదీని, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి చెంత, ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. తెలుగు బోధకు లార్గురు, ఇద్దఱిద్దఱుగా వంతులు మార్చుకొని ఆ పని జరిపిరి.

మా పూర్వులు మాదిగలు. మా తాతకు తాత ఆ కాలువలో మట్టి త్రవ్విన వాడని మా యింట చెప్పుకొందురు. గుండ్లకమ్మలో మునిగినవారిలో నతడు ఏ నాటివాడో మాకు తెలియదు గాని, అతనిని గూర్చి మిగిలిన కథ యొక్కటి కలదు. త్రవ్వుచుండగా అతని చిన్నబిడ్డ చనిపోయెనట. గట్టుమీదనే పాతిపెట్టి, మఱునాడు మరల గంప యెత్తుకొనెనట. బాల్యమున మాకీ కథ చెప్పినప్పుడు అతని ధైర్యమును మెచ్చుకొనుడని చెప్పుచుండిరి. మాకిప్పుడు అందులో ధైర్యముకంటె గంప యెక్కువగా కనబడుచున్నది. ఆ దినమున చేతికి గంప దొరకకపోయిన అతడు ఏమై పోయియుండును? ఆకలితోను దుఃఖముతోను ఉన్నవానికి విశ్వాసము పని రూపమునను కూలి రూపమునను ఎదురురావలెను. ఆ కాలువ యిప్పుడు చాలచోట్ల పూడి, తుమ్మచెట్లలో మునిగిపోయినది. దాని గట్టుమీదుగా పోవునప్పుడు మేము నెమ్మదిగా నడతుము.

పండిత రమాబాయి జీవితమును గూర్చియు నిచ్చట నొకమాట చెప్పక తీరదు. ఆమె పదునాఱేండ్ల ప్రాయమున, 1874వ సంవత్సర ప్రాంతమున, మద్రాసు రాజధానిలో కఱవువేళ తల్లిదండ్రులతో యాత్రలలో తిరుగుచు, ఆకులలములు తిని బ్రదికినది. తండ్రియు తల్లియు అక్కయు కొలదికాలములోనే గతించిరి. 1882లో భర్త పోయెను. 1883లో ఇంగ్లండున క్రైస్తవమతము స్వీకరించెను. ఆమె దుఃఖ మంతటితో ముగియలేదు, దేవుడు ఆమెకు సుఖము కూలిగా నీయలేదు. కాని 1896-97 క్షామమున మధ్యపరగణాలలో ఆకలిచే చచ్చుచున్న ఆడపిల్లలను వెదకి, పూనాకు సమీపమున కేడ్‌గాఁవునకు వందలకొలదిగా తెచ్చి సాకెను. ఆకలి యెట్లుండునో ఆమెకు ఎవరును చెప్పనక్కఱలేదు. హెబ్రీ గ్రీకు భాషలు నేర్చి బైబిలును మరాఠీలోనికి తెచ్చుచుండెను. 1921లో ఏకైక కుమార్తె మనోరమ మరణించెను. రమాబాయి మరుసటి యేట, 1922 ఏప్రిలులో గతించువఱకు పని విడువలేదు. సుఖపడినదా యని యడిగిన మేము చెప్పలేము.

తెలుగు బైబిలులో ఒక మంచి మాట యున్నది: నిరీక్షణ. ఆశ యని వ్రాయవలసినచోట మన పెద్దలు ఈ మాటను వాడిరి. ఆశకు కోరిక వాసన యున్నది. నిరీక్షణ యనగా ఎదురుచూచుట. మా తమ్ముడు రాత్రి పొద్దుపోయి షెడ్డు మూసి వచ్చువఱకు మా యమ్మ వీధి దీపము ఆర్పక కూర్చుండెడిది. వచ్చునా రాడా యని కాదు, వచ్చును గనుక. అతడు పోయిన తరువాతను చాల నెలలు ఆ దీపము పదిగంటల వఱకు వెలుగుచుండెను. మేము మొదట దీనిని మనోవ్యాధి యనుకొంటిమి. ఒకటి రెండుసార్లు లేచి ఆర్పితిమి కూడ. ఆమె ఏమియు ననక మరల వెలిగించెను. అంతటినుండి ఆర్పుట మానితిమి.

మా సంఘమున పిడికెడు బియ్యము అను వాడుక కలదు. వంటకు బియ్యము కొలుచునప్పుడెల్ల ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేఱుగా కుండలో వేయును. ఆదివారమునాడు దానిని మందిరమునకు తెచ్చును. చాలచోట్ల ఆ బియ్యమును అమ్మి సంఘపు ఖర్చులకు వాడుదురు. 2021లో రోగము వచ్చిన యిండ్లకు ఆ బియ్యమునే సంచులు కట్టి పంపిరి. మా యింటికిని ఒక సంచి వచ్చెను. రెండవ సంవత్సరమున మా యమ్మ ఆ పనిని తన మీద వేసికొనెను. ఇల్లిల్లు తిరిగి బియ్యము కూర్చి, కూలిపని లేని యిండ్లకును, మగదిక్కు పోయిన యిండ్లకును పంచెడిది. మతము అడుగదు. మెట్టుమీది యవ్వ యింట పెద్ద కొడుకునకు పక్షవాతము వచ్చినప్పుడు మొదటి సంచి అక్కడికే పోయెను. షెడ్డును మా మఱదలు ఒక పనివానితో మరల తెఱచెను. లెక్కలు తానే వ్రాయుచున్నది. తాళముల గుత్తి అమ్మ కొంగునుండి ఆమె చేతికి మారెను. ఇవన్నియు ఒక్క దినమున జరిగినవి కావు. నడుమ నడుమ చెడ్డ దినములును వచ్చినవి, ఇప్పటికిని వచ్చుచున్నవి. మే నెల రాగానే ఇంటిలో మాటలు తగ్గును.

మొన్న నొకనాటి రాత్రి కరెంటు పోయి, మేము అరుగుమీద కూర్చుండియుంటిమి. లోపల అమ్మ లాంతరు వెలుగున చేట ముందు పెట్టుకొని పిడికెడు బియ్యములో రాళ్ళు ఏరుచుండెను. ఏరుచు ఏరుచు సన్నగా నొక పాట యెత్తుకొనెను. మేము ఊపిరి బిగబట్టితిమి. లేచి లోపలికి పోవుటకు ధైర్యము చాలలేదు. పల్లవి పాడి, మొదటి చరణము పాడి, రెండవదానిలో సగముదాక వచ్చి ఆగిపోయెను. చేటలో బియ్యము కదలిన చప్పుడు మాత్రము వినవచ్చుచుండెను. తరువాత మమ్ము పిలిచి, "ఆపైన ఏమిట్రా?" అని అడిగెను. మాకును రాలేదు.

"వాడికి వచ్చు ఆ చరణం" అని, ఆమె మరల పల్లవి నెత్తుకొనెను.